ఒకే ట్యూబు ఇద్దరం పూసుకున్నాం

మా చెల్లీ నేనూ ఒకే ఇంట్లో, ఒకే బోరు నీళ్ళు పోసుకుని పెరిగాం. చర్మాలు మాత్రం వేరు. నాది పొద్దున కడుక్కున్న మొహం మధ్యాహ్నానికల్లా నుదురు, ముక్కు, గడ్డం మీద జిడ్డు తేలే రకం. దానిది స్నానం చేసి తుడుచుకోగానే బిగుసుకుపోయే రకం. చలికాలం వస్తే మూతి పక్కన తెల్లగా పొట్టు లేస్తుంది. మొటిమలు ఇద్దరికీ వచ్చాయి. నాకు ఇంటర్లో మొదలై, డిగ్రీకి వచ్చేసరికి బుగ్గల నిండా, దవడ అంచున గట్టి గడ్డలుగా. చెల్లికి అక్కడొకటి ఇక్కడొకటి. కానీ వచ్చిన ప్రతిదీ ఎర్రగా కంది, మానాక నెలల తరబడి గోధుమరంగు మచ్చ వదిలేది. ఈ తేడాని మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. మొటిమ అంటే మొటిమే, దానికో మందు, ఆ మందు ఇంట్లో అందరికీ.

అప్పటికే వంటింటి వైద్యాలన్నీ అయిపోయాయి. సున్నిపిండి, పసుపు, ముల్తానీ మట్టి, నిమ్మరసం, మొటిమ మీద టూత్‌పేస్టు. ముల్తానీ మట్టి రాస్తే నాకు ఓ గంటసేపు హాయిగా ఉండేది, ఎందుకంటే అది నూనె పీల్చేస్తుంది. అదే మట్టి ఆరేలోపు చెల్లి బుగ్గలు పగిలినంత పనయ్యేది. నిమ్మరసం రాసిన రోజు అది మంటతో ఏడ్చింది. చర్మం పైపొర సహజంగా కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. అంత ఘాటైనది అసలే పలచగా, పొడిగా ఉన్న చర్మం మీద పడితే కాలకుండా ఎలా ఉంటుంది? మా పిన్ని మాత్రం "మీ ఇద్దరిదీ వేడి శరీరమే, మజ్జిగ తాగండి" అనేది. ప్రేమతోనే అనేది. ఆ ఇంట్లో అందరూ మాకు మంచి చేయాలనే చూశారు, ఆ మాట ముందే చెప్పాలి.

2015లో నాకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. చూడటానికొచ్చిన వాళ్ళలో ఒకావిడ నా గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పి చూసింది. ఆ సాయంత్రమే అమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్టాండు దగ్గర మందుల షాపుకు తీసుకెళ్ళింది. "అన్నా, పిల్లకి మొటిమలు తగ్గడానికి మంచిది ఏదన్నా ఇవ్వు" అంది. చీటీ అడగలేదు, చర్మం ఎలాంటిదని అడగలేదు. అద్దాల బీరువాలోంచి ఒక ట్యూబు తీసి, "రాత్రి రాసుకోమ్మా, వారంలో తగ్గుద్ది, రంగు కూడా వస్తది" అన్నాడు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు. దాని కింద, కళ్ళు చికిలించి చూస్తే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో మూడు పేర్లు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్.

వారంలో నిజంగానే తగ్గింది. ఎర్రదనం పోయింది, వాపు అణిగింది, మొహం నునుపై తెల్లబడింది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫొటో స్టూడియోకి తీసుకెళ్ళి కొత్త ఫొటోలు తీయించింది. నన్ను చూసి చెల్లి కూడా అదే ట్యూబు రాయడం మొదలుపెట్టింది. అయిపోతే ఇంకొకటి, అదీ అయిపోతే మరొకటి.

మూడింటిలో మొమెటసోన్ స్టెరాయిడ్. స్టెరాయిడ్ రాస్తే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు చల్లారుతుంది, అందుకే ఎర్రదనం మాయమవుతుంది. మొటిమ పుట్టే కారణాలు మాత్రం అలాగే ఉంటాయి. నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేయడం, మృతకణాలు రంధ్రాన్ని మూసేయడం, లోపల క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరగడం, దాంతో వాపు రావడం. ఈ నాలుగింటిలో స్టెరాయిడ్ చేసేది చివరిదాన్ని కొంతకాలం కప్పిపెట్టడమే. రోజూ రాస్తుంటే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు పైకి తేలతాయి, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి, ఒకే సైజులో చిన్నచిన్న పొక్కులు కొత్తగా పుడతాయి. మానేస్తే మొహం మండిపోతుంది. మళ్ళీ రాస్తే గాని ఆ మంట ఆగదు.

ఈ కలయిక ఊరికే పుట్టింది కాదు. ఫిలడెల్ఫియాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు, తన సహచరుడు విల్లిస్‌తో కలిసి 1975లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన పూతను ప్రకటించాడు. అది మంగు లాంటి నల్లమచ్చల కోసం. ఇప్పటికీ అలాంటి కలయికని డాక్టర్లు మంగుకి రాస్తారు, అదీ కొద్ది వారాలు, తమ కనుసన్నల్లో. ఆ మూడింట్లో ట్రెటినాయిన్ విడిగా మొటిమలకు మంచి మందే. మందులు చెడ్డవని నేను అనడం లేదు. పెళ్ళీడు పిల్లలకు రంగు తెచ్చే క్రీముగా ఈ కలయికని కౌంటరు మీద పెట్టి అమ్మడం అన్యాయం. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

మొదటి దెబ్బ పరీక్షలప్పుడు తగిలింది. ట్యూబు ఇంట్లో మర్చిపోయి హాస్టలుకి వెళ్ళాను. కొద్దిరోజులకే బుగ్గలు కంది, వేడెక్కి, ముట్టుకుంటే మంట. పరీక్ష హాల్లో ఫ్యాను గాలి కూడా ఓర్చుకోలేకపోయాను. ఇంటికొచ్చి మళ్ళీ రాశాక సద్దుమణిగింది. "చూశావా, మానేస్తే ఎలా అయిందో, మానొద్దు" అంది అమ్మ. మందు పనిచేస్తోందనడానికి ఆమెకి అదే రుజువు.

తర్వాతి ఏడాది మిర్చి సీజన్లో అది చేయిదాటింది. మాది పల్నాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కల్లాల మీద కాయ ఆరబోస్తారు, తాలు ఏరతారు, బస్తాలకు తొక్కుతారు. ఇల్లంతా ఘాటు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ గాలిలోనే పెరిగినవాళ్ళం, తుమ్ములు తప్ప ఇంకేమీ తెలీదు. ఆ ఏడు మాత్రం నాన్న కల్లం నుంచి వచ్చి చొక్కా దులిపితే చాలు, మా ఇద్దరి మొహాలూ భగ్గుమనేవి. పొయ్యి దగ్గర నిలబడలేం, ఎండలో బస్టాపు దాకా నడవలేం. చున్నీ చుట్టుకుంటే గుడ్డ రాపిడికి మంట. చుట్టుకోకపోతే దారిలో ప్రతివాళ్ళూ ఆపి అడిగేవారు, "ఏందమ్మాయ్, మొహం అట్టా కాలిపోయింది?" అని. చెల్లికి దురద కూడా మొదలైంది. షాపులో చెబితే ఈసారి ఇంకో ట్యూబు ఇచ్చారు. దాని మీద నాలుగు మందుల పేర్లు, వాటిలో ఒకటి క్లోబెటసాల్. పూత స్టెరాయిడ్లలో అన్నిటికన్నా బలమైన వర్గంలోది అది. తామరకని అమ్ముడుపోయే క్రీము, పంతొమ్మిదేళ్ళ పిల్ల మొహానికి చేరింది.

గుంటూరులో ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి మమ్మల్ని తీసుకెళ్ళింది మా మేనత్త. లోపలికి వెళ్ళగానే డాక్టరు మేడమ్ మా మొహాలు చూసి, మమ్మల్ని ఏమీ అడగకుండా అత్తతో "వాళ్ళు రాసుకునే ట్యూబులు తెచ్చారా?" అంది. తెచ్చాం. కళ్ళజోడు పైకి తోసి చిన్న అక్షరాలు చదివింది. మొమెటసోన్ కింద, క్లోబెటసాల్ కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, ట్యూబులు మా చేతికే ఇచ్చింది. "మీది మొటిమల జబ్బు కాదమ్మా ఇప్పుడు. స్టెరాయిడ్ పాడుచేసిన మొహం" అంది.

దానికో పేరు ఉందని తర్వాత తెలిసింది. టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అంటారు. కలకత్తా డాక్టర్లు కౌశిక్ లాహిరి, అరిజిత్ కూండూ దీన్ని మందుకు చర్మం బానిసైపోయే జబ్బుగా వివరించారు. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో, దేశంలో 12 చర్మవైద్య కేంద్రాలకు మొహం సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది మొహానికి స్టెరాయిడ్ రాస్తున్నట్టు తేలింది. వాళ్ళలో 104 మంది రాసింది మొటిమలకే. సగానికి పైగా మందికి ఆ మందు చెప్పింది డాక్టర్లు కానివాళ్ళు. ఆ లెక్కలు చదివినప్పుడు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. మా ఇంట్లో ఏదో లోపం ఉందని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాం మరి.

"మానేయగానే ఇంకా పెరుగుతుంది. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా ఆ ట్యూబు ముట్టొద్దు" అని మేడమ్ ముందే చెప్పింది. చెప్పినా, మనిషి దానికి సిద్ధంగా ఉండదు. నాకు బుగ్గలు వాచి కళ్ళు సగం మూసుకుపోయాయి. చీము పొక్కులు ఒకదానిమీద ఒకటి లేచాయి. పగిలినచోట పసుపురంగు నీరు కారి, పొద్దునకి దిండు గలేబు మొహానికి అంటుకుపోయి ఉండేది. అమ్మ గోరువెచ్చటి నీళ్ళు చల్లి నెమ్మదిగా విడదీసేది. పడుకుంటే వేడి, కూర్చుంటే లాగేసే నొప్పి. రాత్రంతా తడిగుడ్డ మార్చుకుంటూ కూర్చునేదాన్ని. చెల్లికి చీము లేదు, కానీ చర్మం పొరలు పొరలుగా ఊడింది. నవ్వితే మూతి పక్కన చీలి రక్తం వచ్చేది. అది నవ్వడం మానేసింది, తర్వాత మాట్లాడటం మానేసింది, ఆ తర్వాత అన్నం ముందు కూర్చోవడం మానేసింది. ఒక రాత్రి అది బీరువా కింది అరలో దాచుకున్న క్లోబెటసాల్ ట్యూబు తీసి మూత తిప్పుతుంటే చూశాను. చేయి పట్టుకున్నాను. ఇద్దరం నేలమీద కూర్చుని తెల్లారేదాకా ఏడ్చాం. ఆ ట్యూబుని అమ్మ పొద్దున్నే పెంటకుప్పలో కప్పెట్టింది.

ఆ సంవత్సరం నేను కాలేజీకి సరిగా వెళ్ళలేదు. కుదిరిన ఒక సంబంధం తప్పిపోయింది. అద్దానికి అమ్మ దుప్పటి కప్పేసింది.

రెండోసారి వెళ్ళినప్పుడు మేడమ్ మాకు రెండు వేరు వేరు చీటీలు రాసింది. "ఇద్దరికీ ఒకటే జబ్బు కదా మేడమ్, ఒక మందు చాలదా?" అని అత్త అడిగింది, ఖర్చు చూసుకోవాలి కదా. "జబ్బు ఒకటే గాని చర్మం ఒకటి కాదమ్మా" అని, నా నుదురు మీద ఒక టిష్యూ కాగితం, చెల్లి నుదురు మీద ఒకటి అద్ది చూపించింది. నాది తడిసి అవతలివైపు కనిపిస్తోంది. దానిది పొడిగా ఉంది.

మొదట ఇద్దరికీ ఉమ్మడిగా మూడే మూడు. నురగ తక్కువ, సబ్బు కాని క్లెన్సర్. వాసన, రంగు లేని మాయిశ్చరైజర్. సన్‌స్క్రీన్. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. గాయపడ్డ చర్మానికి అదే పెద్ద దెబ్బ. ఆ మూడింట్లోనూ రూపం వేరు. నాకు మాయిశ్చరైజర్ జెల్, సన్‌స్క్రీన్ కూడా జెల్. చెల్లికి సెరమైడ్లు, గ్లిజరిన్ ఉన్న చిక్కటి క్రీము. సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్ ఉన్నది, ఎందుకంటే మంటపెట్టే గుణం అందులో తక్కువ. జిడ్డు మొహానికి మాయిశ్చరైజర్ ఎందుకని అడిగాను. "ఇకముందు రాయబోయే మందులన్నీ ఎండగొట్టేవే. పైపొర దెబ్బతింటే ఏ మందూ ఓర్చుకోలేవు" అంది. అది కాక నాకు కొంతకాలం డాక్సీసైక్లిన్ బిళ్ళలు. నీళ్ళు బాగా తాగి వేసుకోవాలి, వేసుకోగానే పడుకోకూడదు, ఎండలో జాగ్రత్త. చెల్లికి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్. మొదటి రోజుల్లో అదీ చురుక్కుమనిపించింది, తర్వాత సర్దుకుంది. నా నెలసరి గురించి కూడా అడిగి స్కాన్ తీయించింది. దవడ అంచున వచ్చే గట్టి మొటిమల వెనక హార్మోన్లు ఉండొచ్చట. అండాశయాల సమస్య ఏమీ లేదని తేలింది.

మంట పూర్తిగా చల్లారాకే అసలు మొటిమల మందులు మొదలయ్యాయి. దానికి నెలలు పట్టింది. ఇక్కడే మా ఇద్దరి దారులు పూర్తిగా వేరయ్యాయి.

నాకు రాత్రి అడాపలీన్ 0.1 శాతం జెల్. విటమిన్ ఎ కుటుంబానిది, రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తుంది. బఠానీ గింజంత తీసుకుని, పూర్తిగా ఆరిన మొహమంతా పలచగా రాయాలి. మొటిమ మీద చుక్కలా పెడితే లాభం లేదు, కొత్తవి రాకుండా ఆపడమే దాని పని. మొదట రోజు విడిచి రోజు. కంటి చివర్లు, ముక్కు అంచులు వదిలేయాలి. మొదటి వారాల్లో లోపలున్నవి పైకి తేలి, మొటిమలు పెరిగినట్టే అనిపించాయి. పన్నెండు వారాల ముందు ఏమీ తేల్చొద్దని మేడమ్ చెప్పి ఉండకపోతే మధ్యలోనే వదిలేసేదాన్ని. పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. 5, 10 శాతాలవీ ఉన్నాయి, కానీ 2.5 దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. మొటిమల సూక్ష్మజీవి దీనికి అలవాటు పడిపోదు. అందుకే క్లిండమైసిన్ లాంటి యాంటీబయాటిక్ పూతను ఒంటరిగా రాయరు, దీన్ని తోడు పెడతారు. మా ఇంట్లో తువ్వాళ్ళ మీద ఇప్పటికీ తెల్లటి మచ్చలున్నాయి, ఇది రంగు గుడ్డల్ని వెలిసిపోయేలా చేస్తుంది. ముక్కు మీది బ్లాక్‌హెడ్స్‌కి శాలిసిలిక్ ఆమ్లం 2 శాతం ఫేస్‌వాష్. అది నూనెలో కరిగే ఆమ్లం కాబట్టి జిడ్డు నిండిన రంధ్రంలోకి దిగి శుభ్రం చేస్తుంది.

ఇవేవీ చెల్లికి పడేవి కావు. దానికి అజెలాయిక్ ఆమ్లం 10 శాతం క్రీము రాసింది, అదీ మాయిశ్చరైజర్ రాసుకున్నాక, దాని పైన. మొటిమ మీద మెత్తగా పనిచేస్తుంది, మానాక మిగిలే గోధుమ మచ్చనూ తగ్గిస్తుంది. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాలకు ఈ రెండో గుణం చాలా ముఖ్యం. మొటిమ వారంలో పోతుంది, మచ్చ నెలలు ఉంటుంది. మన పిల్లల్ని ఎక్కువ ఏడిపించేది ఆ మచ్చే, దాన్ని పోగొట్టుకోవాలనే ఆత్రంలోనే తెల్లబరిచే క్రీముల చేతుల్లో పడతారు. మచ్చకి సన్‌స్క్రీన్‌ని మించిన మందు లేదని మేడమ్ ప్రతిసారీ చెప్పేది, ఎండ తగిలితే మచ్చ ముదురుతుంది. నియాసినమైడ్ 4 శాతం మాత్రం ఇద్దరికీ పడింది. ఇంట్లో మేం పంచుకున్న సీసా అదొక్కటే.

పెళ్ళయ్యాక చెల్లి కడుపుతో ఉన్నప్పుడు మొటిమలు మళ్ళీ విరుచుకుపడ్డాయి. నా అడాపలీన్ ఇవ్వనా అని ఫోన్లో అడిగింది మా వదిన. వద్దని గట్టిగా చెప్పాను. విటమిన్ ఎ కుటుంబపు పూతలు గర్భంతో ఉన్నవాళ్ళు వాడరు. మింగే ఐసోట్రెటినాయిన్ అయితే బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది, ఆపాక కూడా నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. చెల్లి డాక్టరు దగ్గరకెళ్తే, తన పాత అజెలాయిక్ ఆమ్లాన్నే కొనసాగించమంది. గర్భంలో సురక్షితమని డాక్టర్లు ఎంచుకునే వాటిలో అదొకటి.

మా మేనత్త కొడుకు సంగతి కూడా చెప్పాలి. తలకి కొబ్బరినూనె దట్టంగా పెడతాడు, క్రికెట్ ఆడి చెమటతో వస్తాడు. నుదురంతా ఒకే సైజు పొక్కులు, విపరీతమైన దురద. మొటిమలని నా బెంజాయిల్ పెరాక్సైడ్ రాసుకుంటానన్నాడు. మొటిమ నొప్పెడుతుంది గాని అంతగా దురద పెట్టదు, ముందు చూపించుకో అన్నాను. అవి మలసీజియా అనే ఫంగస్ వల్ల వచ్చిన పొక్కులని తేలింది. కీటోకొనజోల్‌తో తగ్గాయి. నూనె మానేశాడు.

2018లో కేంద్ర ఆరోగ్య శాఖ పూత స్టెరాయిడ్లు ఎన్నిటినో షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అంతకుముందు ఆ షెడ్యూలులో పైపూత మందులకి మినహాయింపు ఉండేది. నా మొహం కాలింది ఆ మినహాయింపు ఉన్న రోజుల్లోనే. చట్టం మారింది, కానీ నేను పాఠాలు చెప్పే బడిలో పదో తరగతి అమ్మాయిల సంచుల్లో ఇప్పటికీ ఆ ట్యూబులు కనిపిస్తున్నాయి. మొన్న ఒక తల్లి పేరెంట్స్ మీటింగుకి వచ్చి, నా బుగ్గల మీద మిగిలిపోయిన ఎర్ర నరాలు చూసి, "మీక్కూడా అదేనా టీచర్?" అని కూతురి ట్యూబు తీసి చూపించింది. బీటామెథసోన్.

అందుకే పేర్లు చెబుతున్నాను. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్. మీ ఇంట్లో మొటిమలకో, రంగుకో రాసుకుంటున్న ట్యూబు మీద, కంపెనీ పేరు కింద ఉన్న చిన్న అక్షరాల్లో వీటిలో ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే, చాలాకాలంగా రాస్తున్నట్టయితే, మీ అంతట మీరు మానేసి ఇంట్లో కూర్చోవద్దు, చర్మ డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. ఖాళీ ట్యూబులైనా సరే పారేయకుండా అన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి, ముందు అడిగేది వాటినే.